ఆదివారం లేని పిల్లలు

ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేవాళ్ళు బొత్తిగా తగ్గిపోయారని నేను విచారిస్తూ వుండగానే, పోయిన వారం ఒక తల్లి దగ్గర్నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. పేరూ, ఊరూ వెయ్యవద్దన్నారు గనుక వెయ్యడం లేదు. సంగతి మాత్రం చెబుతాను. ఎందుకంటే అది ఆవిడ ఒక్కరి సంగతే కాదు. పిల్లలున్న ప్రతి ఇంటి సంగతీను.

ఆవిడకి పదమూడేళ్ళ కూతురుంది. ఎనిమిదో ఏట, వేసవి సెలవుల్లో కాలక్షేపానికని ఈతలో చేర్పించారట. ఆ కాలక్షేపం కాస్తా ముదిరింది. జిల్లాలో మొదటి బహుమతి, నిరుడు రాష్ట్రంలో రెండో బహుమతి వచ్చాయి. ఇప్పుడు ఈత నేర్పే కోచ్ గారు, "పిల్లలో సత్తా వుందమ్మా. కాని ఇకమీదట రెండుపూటలా నీళ్ళలో దిగాలి. ఆదివారాలూ, పండుగలూ వుండవు. సరేనంటేనే ముందుకు వెళదాం" అన్నారట.

"అక్కయ్యగారూ! తెల్లవారుజామున నాలుగున్నరకి పిల్లని లేపడం నా వంతు. లేపుతూంటే నా కడుపు తరుక్కుపోతుంది. మావారేమో, 'రెండేళ్ళలో పదో తరగతి. ఈత కూడు పెడుతుందా?' అంటున్నారు. మా అత్తగారు, 'పిల్ల నల్లగా మాడిపోయింది, జుట్టు కొబ్బరిపీచు అయింది, భుజాలు చూస్తే మగపిల్లాడికి మల్లే వున్నాయి, రేపు దీనికి పెళ్ళి ఎలా అవుతుంది?' అని సణుగుతున్నారు. కోచ్ గారు నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నారు. నన్నేం చెయ్యమంటారు?" ఇదీ ఉత్తరం సారాంశం.

నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. అందులో కోచ్ గారి మాట వుంది, భర్తగారి మాట వుంది, అత్తగారి మాట వుంది. ఆ పిల్ల మాట ఒక్కటీ లేదు. ఆ విషయానికి తర్వాత వస్తాను.

సలహా చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటంటారా? నాదంతా దిగుడుబావి ఈత. వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టి, నడుముకి చేదతాడు బిగించి, ఆ తాడు చివర పట్టుకుని మా మేనమామ గట్టుమీద కూర్చునేవాడు. మునగకుండా ఒడ్డుకి చేరితే అదే మాకు బంగారు పతకం. అందుచేత నా అనుభవం పక్కన పెట్టి, నిజంగా ఈతనే తపస్సుగా పెట్టుకున్నవాళ్ళ కథలు కొన్ని చెబుతాను. విన్న తర్వాత ఆవిడా, మీరూ కూడా ఆలోచించండి.

అసలు అంత సాధన ఎందుకు? ముందు ఆ ముక్క తెలుసుకోవాలి. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. దానిని తోసుకుంటూ పోవాలి. వేగం పెరిగినకొద్దీ నీరు అడ్డుపడడం మరీ ఎక్కువవుతుంది. వేగం రెట్టింపు చెయ్యాలంటే సుమారు ఎనిమిది రెట్లు బలం ఖర్చవుతుంది. కాబట్టి కండబలంతో మాత్రమే నీటిని జయించడం జరగని పని. చెయ్యి నీళ్ళలో దిగే తీరు, మణికట్టు వంపు, తల వుంచే ఎత్తు, ఊపిరి తీసే క్షణం, గోడ దగ్గర తిరిగే మలుపు అన్నీ లక్షలసార్లు చేసి చేసి ఒంటికి పట్టాలి. నాలుగు రోజులు నీళ్ళకి దూరమైతే చేతికి నీరు "అందడం" మానేస్తుందని ఈతగాళ్ళు చెబుతారు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఈ మాట వెంటనే బోధపడుతుంది. సాధకం మానిన గొంతు మర్నాటికే తెలిసిపోతుంది గదా!

ఇక సాధన లెక్కలు చూడండి. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ మంచి ఊపులో వున్న రోజుల్లో వారానికి సుమారు 80,000 మీటర్లు ఈదేవాడు. అంటే 80 కిలోమీటర్లు. విజయవాడలో బయలుదేరి ఏలూరు దాటి ఇంకా ముందుకు పోయినంత దూరం. అదైనా పొలాలూ, చెట్లూ చూసుకుంటూ పోయే ప్రయాణమా? కాదు. 50 మీటర్ల కొలనులో ఈ గోడ నుంచి ఆ గోడకి 1,600 సార్లు. కళ్ళకి కనిపించేది కొలను అడుగున గీసిన నల్లగీత ఒక్కటే. మాట్లాడడానికి మనిషి లేడు, వినడానికి పాట లేదు. పరుగెత్తేవాడు పక్కవాడితో ఒక మాటైనా అనవచ్చు. నీళ్ళలో మొహం పెట్టినవాడికి ఆ అదృష్టం కూడా లేదు.

ఈ ఫెల్ప్స్ ఇంటి కథ తల్లులు తెలుసుకోవలసిన కథ. బాల్టిమోర్ నగరంలో ఒక బడిపంతులమ్మ. పేరు డెబీ. ఇద్దరు ఆడపిల్లల తర్వాత 1985లో పుట్టినవాడు మైకేల్. అతనికి తొమ్మిదేళ్ళప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. పిల్లవాడు ఒక్క క్షణం కుదురుగా కూర్చోడు. ఏకాగ్రత నిలవని జబ్బు అని డాక్టర్లు తేల్చారు. అక్కలతోపాటు ఏడో ఏట ఈతకి పంపితే, నీళ్ళలో మొహం పెట్టడానికి భయం! అందుకని మొదట వెల్లకిలా ఈదడం నేర్పారు.

అతనికి పదకొండేళ్ళప్పుడు బాబ్ బౌమన్ అనే గురువు చేతిలో పడ్డాడు. ఈ గురువు లెక్క ఒకటి వుంది. తక్కినవాళ్ళు ఆదివారం సెలవు తీసుకుంటారు. మనం తీసుకోకపోతే ఏడాదికి 52 రోజులు వాళ్ళకంటే ఎక్కువ సాధన అవుతుంది. అంతే! అయిదారేళ్ళపాటు ఆ కుర్రవాడు ఆదివారం మానలేదు, క్రిస్మస్ నాడు మానలేదు, పుట్టినరోజు నాడు మానలేదు.

ఆ గురువు మరో పని చేశాడు. ఒకసారి ఒక పోటీకి ముందు, శిష్యుడు నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలను కావాలనే కాలితో తొక్కి పగలగొట్టాడట. కుర్రవాడు అలాగే ఈదాడు. మనకి కోపం వస్తుంది. కాని 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై పోటీ జరుగుతూండగా, ఫెల్ప్స్ కళ్ళద్దాల్లోకి నిజంగానే నీళ్ళు దూరాయి. చివరి 50 మీటర్లలో గోడ కనిపించలేదు. చేతుల విసుర్లు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి గోడ ముట్టుకున్నాడు. 1 నిమిషం 52.03 సెకన్లు. ప్రపంచ రికార్డు! ఆ ఒలింపిక్స్‌లో అతనికి 8 బంగారు పతకాలు. మొత్తం అయిదు ఒలింపిక్స్‌లో 28 పతకాలు, అందులో 23 బంగారువి. ఇంతవరకూ ఏ ఆటలోనూ ఎవరికీ అన్ని రాలేదు.

"చూశారా, ఆదివారాలు మానుకుంటే ఎంత ఫలం!" అని కోచ్ గారు అనవచ్చు. ఆగండి. అదే ఇంట్లో ఇంకొక కథ కూడా వుంది.

మైకేల్ అక్క విట్నీ. ఆమె ఈదింది కూడా ఆ బటర్‌ఫ్లై ఈతే. తమ్ముడికంటే ముందు దేశంలో పేరు తెచ్చుకున్నది ఆమే. తెల్లవారుజాములు ఆమెకీ వున్నాయి, తల్లి కారులో తీసుకుపోవడం ఆమెకీ వుంది. 1996 ఒలింపిక్స్ జట్టుకి ఎంపిక పోటీలు జరిగే నాటికి వెన్నుపూసల మధ్య డిస్కులు దెబ్బతిన్నాయి. నొప్పితోనే దిగింది. ఆరో స్థానం వచ్చింది. జట్టులోకి తీసుకునేది ఇద్దరినే. ఆమె ఒలింపిక్ కల అక్కడితో సరి. ఒకే తల్లి కడుపున పుట్టారు, ఒకే కొలనులో ఈదారు. తమ్ముడు లోకప్రసిద్ధుడయ్యాడు. అక్కకి నడుమునొప్పి మిగిలింది. పతకాల పట్టికలో తమ్ముడి పేరే వుంటుంది. అక్క పడ్డ కష్టం ఏ పట్టికలోనూ వుండదు.

పోనీ, అంత గెలిచినవాడైనా సుఖపడ్డాడా? 2012 ఒలింపిక్స్ అయిన తర్వాత కొన్నాళ్ళు గది విడిచి బయటికి రాలేదనీ, తిండి సయించలేదనీ, బ్రతకాలన్న కోరికే పోయిందనీ 2018లో తనే నలుగురిలో చెప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచీ నల్లగీతను చూస్తూ ఈదినవాడికి, ఆ గీత అయిపోగానే తను ఎవరో తెలియలేదన్నమాట. తర్వాత వైద్యం చేయించుకుని తేరుకున్నాడు. తనలాంటివాళ్ళ కోసం ఇప్పుడు ధైర్యంగా మాట్లాడుతున్నాడు. మెచ్చుకోవలసింది పతకాలకంటే ఈ ధైర్యాన్నే అని నా మనసుకి తోస్తుంది.

మన దేశం సంగతి చూద్దాం. సాజన్ ప్రకాశ్ అనే యువకుడు కేరళలో పుట్టి, తమిళనాడులోని నైవేలీలో పెరిగాడు. తల్లి షాంటీమోల్ ఒకప్పటి క్రీడాకారిణి. ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా కొడుకుని పెంచింది. అతనికి మెడలో డిస్కులు జారి చెయ్యి లేపడమే కష్టమైంది. ఆపైన 2020లో కరోనా వచ్చి దేశంలో కొలనులన్నీ మూతబడ్డాయి. దుబాయిలో గురువు దగ్గరికి చేరి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 2021 జూన్‌లో రోము నగరంలో 200 మీటర్ల బటర్‌ఫ్లై 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదాడు. ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత కావాలంటే 1 నిమిషం 56.48 లోపు రావాలి. సెకనులో పదోవంతు తేడాతో, ఆ అర్హత సంపాదించిన మొట్టమొదటి భారతీయుడయ్యాడు. అప్పటికి అతనికి 27 ఏళ్ళు. టోక్యోలో సెమీఫైనల్ దాకా కూడా పోలేదనుకోండి. అయినా దారి తెరిచింది అతనే.

సింగపూర్‌లో జోసెఫ్ స్కూలింగ్ అని ఒకడున్నాడు. తల్లిదండ్రులకి ఒక్కడే కొడుకు. పద్నాలుగేళ్ళకే ఈత కోసం వాణ్ణి అమెరికా బడికి పంపించారు. ఒక్కగానొక్క బిడ్డని సముద్రాల అవతల పెట్టి, బోలెడు డబ్బు పోసి, ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 2016లో రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్‌నే ఓడించి, సింగపూర్‌కి మొట్టమొదటి ఒలింపిక్ బంగారు పతకం తెచ్చాడు. ఆ అబ్బాయి పదమూడేళ్ళప్పుడు ఫెల్ప్స్ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు! ఈ కథ విని చప్పట్లు కొట్టనివారుండరు. కాని పద్నాలుగేళ్ళ కొడుకు లేని ఆ ఇంటి డైనింగు టేబిలు ముందు తల్లి ఎన్ని రాత్రులు ఒంటరిగా కూర్చుందో ఎవరు లెక్క వేశారు?

ఈ లెక్కలన్నీ ఎంత చిన్న తేడా మీద నిలబడి వుంటాయో కూడా చెప్పాలి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లీ పోటీ జరిగింది. స్వీడన్‌కి చెందిన గున్నార్ లార్సన్, అమెరికాకి చెందిన టిమ్ మెక్కీ ఇద్దరూ ఒక్కసారే గోడ ముట్టుకున్నట్టు కనిపించారు. గడియారం లోతుగా చూస్తే మెక్కీ 0.002 సెకను వెనకబడ్డాడు. దూరంలో చెప్పాలంటే మూడు మిల్లీమీటర్లు. బియ్యపుగింజ పొడుగు కూడా లేదు. కొలను గోడ కట్టిన మేస్త్రీ చేతి తేడాయే అంతకంటే ఎక్కువ వుంటుందని, తర్వాత ఆ లెక్క మానేశారు. ఇప్పుడు నూరోవంతు వరకే చూస్తారు. సమానమైతే ఇద్దరికీ పతకం ఇస్తారు. కాని మెక్కీకి పోయింది పోయింది. అతనికి రెండు ఒలింపిక్స్‌లో మొత్తం మూడు వెండి పతకాలు వచ్చాయి. బంగారం ఒక్కటీ రాలేదు. మూడు మిల్లీమీటర్లకి అతని తెల్లవారుజాములన్నీ వృథా అని అనగలమా?

ఇంతవరకూ చెప్పినవి ఇష్టపడి ఇచ్చిన త్యాగాలు. బలవంతంగా లాక్కున్నవి కూడా వున్నాయి. 1976 మాంట్రియాల్ ఒలింపిక్స్‌లో ఆడపిల్లల ఈతపోటీలు 13 జరిగితే, 11 బంగారు పతకాలు తూర్పు జర్మనీ పిల్లలకే వచ్చాయి. లోకమంతా నివ్వెరపోయింది. బెర్లిన్ గోడ కూలిన తర్వాత, ప్రభుత్వం దాచిన కాగితాలు బయటపడ్డాయి. గురువులు, డాక్టర్లు కలిసి, విటమిను మాత్రలని చెప్పి ఆ పిల్లలకి మగ హార్మోను మాత్రలు మింగించారు. తల్లిదండ్రులకి తెలియదు, చాలామంది పిల్లలకీ తెలియదు. గొంతులు మగ గొంతులయ్యాయి. పెద్దయ్యాక ఎందరో జబ్బుల పాలయ్యారు. 2000లో పెద్ద అధికారులకి కోర్టు శిక్ష వేసింది గాని, పోయిన ఆరోగ్యం కోర్టు తెచ్చివ్వదు గదా!

దీనికి పూర్తి ఎదురుగా ఒక అమ్మాయి. ఆస్ట్రేలియాకి చెందిన షేన్ గౌల్డ్. 100 నుంచి 1,500 మీటర్ల వరకూ ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డులన్నీ ఒకే సమయంలో తన పేర పెట్టుకుంది. 1972 ఒలింపిక్స్‌లో మూడు బంగారు, ఒక వెండి, ఒక కంచు పతకాలు గెలిచింది. అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు. పదహారో ఏట, "ఇక చాలు" అని పోటీలు మానేసింది. లోకం ముక్కున వేలేసుకుంది. ఆమె హాయిగా పెళ్ళి చేసుకుని, పల్లెలో కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, చాలా ఏళ్ళకి మళ్ళీ తన ఇష్టం కొద్దీ నీళ్ళలో దిగింది. పెద్దవాళ్ళ పోటీల్లో ఈదింది. గుమ్మం తెరిచి వుంది గనుక వెళ్ళింది; తెరిచి వుంది గనుకనే తిరిగి రాగలిగింది.

ఇప్పుడు ఉత్తరం రాసిన సోదరికి నా జవాబు.

మీవారి ప్రశ్న న్యాయమైనదే. ఈత కూడు పెడుతుందా? నూటికి తొంభైతొమ్మిది మందికి పెట్టదు. పతకం వస్తుందన్న ఆశతోనే అయితే ఈ పని మొదలుపెట్టకండి. పతకం రాకపోయినా ఆ పిల్లకి మిగిలేది ఏదైనా వుందా అని చూసుకోండి. వేళకి లేవడం, ఓడిన మర్నాడు మళ్ళీ దిగడం, ఎవరూ చూడనప్పుడు కూడా పని దొంగిలించకుండా చెయ్యడం మిగిలితే అది తక్కువ ఆస్తి కాదు. అయితే చదువు తాడు మాత్రం తెంచవద్దు. నీళ్ళలోంచి బయటికి వచ్చిన రోజున పట్టుకోవడానికి ఆమెకి ఒక గట్టు వుండాలి.

మీ అత్తగారితో నా నమస్కారాలు చెప్పి, జుట్టుదేముందండీ, మళ్ళీ వస్తుందనండి. భుజాల గురించి మాత్రం పిల్ల వినేటట్టు అనవద్దని బ్రతిమాలండి. పదమూడేళ్ళ వయసులో విన్న మాట ముప్ఫై ఏళ్ళకి కూడా పోదు.

కోచ్ గారిని మీరు అడగవలసినవి కొన్ని వున్నాయి. భుజం నొప్పి అంటే విశ్రాంతి ఇస్తారా, ఓర్చుకోమంటారా? ఏదైనా పొడి గాని, మాత్ర గాని తీసుకోమంటే అదేమిటో మీకు ముందుగా చెబుతారా? మీ డాక్టరుకి చూపించనిస్తారా? సాధన జరుగుతున్నప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు మీరు వచ్చి గట్టుమీద కూర్చోవచ్చా? వీటిలో ఏ ఒక్కదానికి ఆయన విసుక్కున్నా, పతకం సంగతి మరిచిపోయి పిల్లని ఇంటికి తీసుకురండి.

ఇక అసలు మాట. మీ అమ్మాయిని అడిగారా? నాలుగున్నరకి నిద్రకళ్ళతో వున్నప్పుడు అడగకండి, ఎవరైనా వద్దంటారు. బహుమతి తెచ్చిన రోజున అడగకండి, ఎవరైనా సరేనంటారు. ఓడి వచ్చిన రోజు గడిచి, రెండు రోజులైన తర్వాత, మధ్యాహ్నం పూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలకి నూనె రాస్తూ అడగండి. ఏం చెప్పినా కోపగించుకోనని ముందే మాట ఇవ్వండి. "అమ్మ ఇంత కష్టపడుతోంది గదా" అని ఆమె సరేనంటే, అది సరే కాదు. ఆ సంగతి తల్లికి తెలియకపోదు.

మా దిగుడుబావి కథ ఒక్కటి చెప్పి ముగిస్తాను. మేనమామ ప్రతి ఉదయం గట్టుమీద నిలబడి, "ఇవాళ దిగుతావటే?" అని అడిగేవాడు. ముందురోజు నీళ్ళు మింగిన భయంతో ఒకనాడు నేను, "దిగను" అన్నాను. తిట్టలేదు, బుజ్జగించలేదు. చేదతాడు చుట్టి భుజాన వేసుకుని, "పద, చద్దన్నం తిందాం" అన్నాడు. ఆ మర్నాడూ అడగలేదు. మూడో రోజున ఆయన లేచేసరికి, సొరకాయ బుర్ర చేతిలో పట్టుకుని నేనే గుమ్మంలో నిలబడి వున్నాను. ఈత వచ్చింది ఆ రోజే.

నెలాఖరుకి ఇంకా పదిరోజులుంది. మీ అమ్మాయి ఏమందో నాకు తప్పకుండా రాయండి. వీలైతే, ఈసారి ఉత్తరం ఆమె చేతనే రాయించండి.